రంగు: తెలియలేదు

బస్సు డిపోలో టికెట్ల కౌంటరుకీ నీళ్ళ కుళాయికీ మధ్య కిటికీ లేని గది ఒకటుంది. తలుపు మీద 'దొరికిన వస్తువులు' అని రాసి ఉంటుంది. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. గొడుగులు, భోజనం డబ్బాలు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, ఒకసారైతే పెట్టుడు పళ్ళ సెట్టు. పళ్ళు మర్చిపోయి బస్సు దిగినవాడు ఆ రెండు రోజులూ ఏం నమిలాడో మనకి తెలియదు గానీ, మూడో రోజున వచ్చి, పై వరసలో ఎడమపక్క మూడో పన్ను విరిగి ఉంటుందని గుర్తు చెప్పి మరీ తీసుకెళ్ళాడు. చెప్పకపోతే ఆ గదిలో కూర్చునే గుమాస్తా ఇచ్చేవాడు కాదు.

ఆ గుమాస్తాని డిపోలో అందరూ చీటీల బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఒకటే. వస్తువు బల్ల మీదకి రాగానే నంబరు వేసిన అట్టచీటీని దారంతో కట్టడం, పెద్ద రిజిస్టరులో ఎక్కించడం: ఏ బస్సు, ఎక్కడ దొరికింది, రంగు, గుర్తులు. ఒకసారి చీటీ కట్టాడంటే, గుర్తులు సరిగ్గా చెప్పే సొంతదారు వస్తే తప్ప ఆ వస్తువు తొంభై రోజులు గడప దాటదు. తొంభై దాటాక పనికొచ్చేవి వేలానికి, పనికిరానివి బస్సులు తుడిచేవాళ్ళకి. ఆయన వేసే ముడి కూడా ఆయన లాంటిదే. రెండు చుట్లు తిప్పి బిగించాడంటే కత్తెర వెయ్యాల్సిందే. "మీరు వేసిన ముడి విప్పేవాడు ఇంకా పుట్టలేదు" అని వాళ్ళావిడ నవ్వుతుండేది, ఒంట్లో బాగున్న రోజుల్లో.

నిక్కచ్చి మనిషి. నిక్కచ్చిగా ఉండటం మంచిదే, కాదనను. కానీ దేనికైనా ఒక హద్దుండాలి. పోయినేడు జోరువానలో డిపో మేనేజరు ఆ గదిలోంచి ఒక గొడుగు తీసుకుని ఎదుటి షెడ్డు దాకా వెళ్ళొచ్చాడు. పది నిమిషాల పని. చీటీ కట్టిన వస్తువు వాడుకున్నారని బాబాయ్ పై ఆఫీసుకి ఉత్తరం రాసేశాడు. అంత పెద్ద మేనేజరూ ఆ గొడుగుకి రెండు పేజీల సంజాయిషీ రాసుకున్నాడు. ఈ గొడుగు సంగతి గుర్తుంచుకోండి.

ఒక శనివారం పొద్దున పదిన్నరకి మెకానిక్ వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి చేతులు. ఆ చేతుల్లో అంతకంటే నల్లగా ఒక ముద్ద.

"బాబాయ్, దొరికిన వస్తువు. పదకొండో నంబరు బస్సు ఇంజను పక్కన ఉంది. రాసుకో" అని బల్ల మీద పెట్టాడు.

బాబాయ్ తల ఎత్తలేదు. అంతకుముందు వచ్చిన చేతిసంచీ వివరాలు రాస్తున్నాడు. అలవాటు పడ్డ చెయ్యి ఆగుతుందా? ఎడంచెయ్యి చీటీ అందుకుంది, కుడిచెయ్యి దారం చుట్టి బిగించింది. మెత్తగా తగిలితే, పసిపిల్లలు పారేసుకునే గుడ్డబొమ్మ అనుకున్నాడు. నాలుగు వందల పన్నెండు. బస్సు నంబరు పదకొండు. దొరికిన చోటు, ఇంజను పక్కన. రంగు రాయడానికి ఒక్క క్షణం కన్నెత్తి చూశాడు. అంతా గ్రీజే. 'రంగు: తెలియలేదు' అని రాసి కలం ఎత్తేసరికి ఆ ముద్ద నోరు తెరిచింది.

గులాబీరంగు నోరు. లోపల బియ్యపుగింజల్లాంటి పళ్ళు. అరుస్తున్నట్టే నోరు తెరిచింది గానీ గొంతు మాత్రం రాలేదు.

మెకానిక్ కడుపు పట్టుకుని నవ్వాడు. "పిల్లి మెడలో గంట కట్టే మొనగాడు లేడంటారు. మా బాబాయ్ ఏకంగా చీటీ కట్టేశాడు!"

బాబాయ్‌కి నవ్వు రాలేదు. అరచేతిలో పట్టేంత పిల్లిపిల్ల. రెండు కళ్ళూ పసుపుపచ్చటి పుసితో అతుక్కుపోయి ఉన్నాయి. ముక్కు మూసుకుపోయి, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేస్తోంది. డొక్కల మీద వేలు పెడితే ఎముకలు ఒక్కొక్కటే తగులుతున్నాయి.

"ఒరేయ్, దీన్ని తీసుకుపోరా. నేను ఈ వరస కొట్టేస్తాను" అన్నాడు.

ఆ మాట అనడమూ, రోజువారీ సంతకానికి మేనేజరు లోపలికి రావడమూ ఒకేసారి జరిగాయి.

"కొట్టేస్తావా? 'రిజిస్టరులో కొట్టివేతలు నిషిద్ధం' అని ఆ గోడకి అంటించింది ఎవరయ్యా?"

"పొరపాటు సార్. బొమ్మ అనుకుని కట్టేశాను."

"చీటీ రద్దు చెయ్యాలంటే మూడు సంతకాలు కావాలి. నీది, నాది, పై ఆఫీసుది. ఇవాళ వాళ్ళకి సెలవు. సోమవారం పంపిద్దాం. అప్పటిదాకా అరలో ఉంటుంది." మేనేజరు సంతకం చేసి కలం మూత పెట్టాడు. "సాయంత్రం ఆరింటికి వచ్చి అన్నీ చూసుకుని తాళం వేస్తాను. ఒక్కటి తగ్గినా నువ్వు రాసినట్టే నేనూ పైకి రాస్తాను."

"సోమవారం దాకా బతకదు సార్."

"అయితే గుర్తుల్లో అదీ రాయి."

మేనేజరు చెడ్డవాడని అనుకోకండి. ఆ పది నిమిషాల గొడుగు ఆయన్ని ఏడాది నుంచీ తడుపుతూనే ఉంది, అంతే. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని మనమూ అనేసి ఊరుకుందుము. కానీ చేసింది ఒకరు, అనుభవిస్తున్నది నాలుగు వందల పన్నెండో నంబరు.

బాబాయ్ దాన్ని ఖాళీ చెప్పుల డబ్బాలో పెట్టి అరలోకి ఎక్కించాడు. ఒక గొడుగుకీ, ఒక భోజనం డబ్బాకీ మధ్య. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా పని నేను చేశాను, పోతే పోయింది, వీధిపిల్లే కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. కలం పట్టుకుంటే వెనకనుంచి ఈల. ఊపిరి తీస్తే ఈల, వదిలితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కొంచెం ఎక్కువైనప్పుడల్లా ఆయన కలం ఆగిపోతోంది. ఇంట్లో ఆయనకి ఇదే పని. మూడు నెలలుగా వాళ్ళావిడకి పెద్దజబ్బుకి మందులు ఎక్కిస్తున్నారు. ఆవిడ నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊపిరి వినడం ఆయనకి అలవాటైపోయింది.

అరగంట కూడా ఆగలేకపోయాడు. డబ్బా దింపి, పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాడు. డాక్టరు లేడు, కాంపౌండరు తీశాడు.

"ముందు వెచ్చగా ఉంచండి. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి కళ్ళు తుడవండి. గ్లూకోజు నీళ్ళు చుక్కచుక్కగా పట్టండి, గంటకోసారి. ఇక్కడికి తేగలరా?"

"గది దాటించడానికి వీల్లేదండీ."

"అదేం గదండీ? జైలా?" అన్నాడు కాంపౌండరు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడండి, రాత్రంతా మనిషి పక్కన ఉండాలి. ఒంటరిగా చల్లటి గదిలో వదిలేస్తే మాత్రం పొద్దున చూసుకోడానికి ఏమీ ఉండదు."

రెండో అరలో రబ్బరు వేడినీళ్ళ సంచీ ఉంది. మూడు వందల తొంభై. చీటీ వేలాడుతోంది. బాబాయ్ దానివైపు చాలాసేపు చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ అరల్లోని ఒక్క దువ్వెనతో తల దువ్వుకున్న పాపాన పోలేదు ఆయన. లేచి, తలుపు దగ్గరికి వేసి, సంచీ తీసి, టీ కెటిల్‌లో నీళ్ళు కాచి నింపాడు. తన ఉన్ని బనీను విప్పి సంచీ మీద పరిచి, పిల్లిని దానిలో పడుకోబెట్టాడు. ఇంకు పోసుకునే ఫిల్లరు పదిసార్లు కడిగి, గ్లూకోజు నీళ్ళు చుక్క పెదవి మీద వేశాడు. నాలుక బయటికొచ్చి నాకింది. ఆ ఒక్క నాకుడికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

ఇంటికి తీసుకెళ్ళే మాటే లేదు. జంతువుల ఛాయలకి పోకూడదని వాళ్ళావిడకి డాక్టరు ఖండితంగా చెప్పాడు. తట్టుకునే శక్తి ఆవిడ ఒంట్లో బొత్తిగా లేదు. సొంత తమ్ముణ్ణే గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడుతోంది. చీటీ తెంపి ఎవరికో ఇచ్చేద్దామంటే, ఉద్యోగం పోతే ఆవిడ మందులు ఆగిపోతాయి. డిపోలో పనిచేసేవాళ్ళెవరూ సొంతదారులమని రాకూడదన్నది రూలు. ఆ రూలు గోడకి అంటించింది కూడా ఈయనే. మిగిలింది ఒకటే దారి. ఆరు లోపల బయటి మనిషి ఎవరో ఒకరు వచ్చి, ఇది నాదే అని గుర్తులు చెప్పి తీసుకెళ్ళాలి. గుర్తులు ఆ మనిషికి బాబాయే చెవిలో ఊదాలి. అబద్ధం ఆడేవాళ్ళని పట్టుకోవడంలోనే జీవితం గడిపినవాడు, అబద్ధం ఆడిపెట్టమని మనుషుల్ని బతిమాలాలి.

మధ్యాహ్నం మొదట వచ్చింది, గొడుగు పోగొట్టుకున్న పెద్దమనిషి ఒకాయన. గొడుగు ఇచ్చి, ఆయన సంతకం చేస్తుండగా బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"మీకు పిల్లి కావాలాండీ?"

"గొడుగు పోయిందని వచ్చానయ్యా."

"గొడుగు ఇచ్చాను కదండీ. పిల్లి కూడా..."

"మా ఇంట్లో చిలకుంది" అని పెద్దమనిషి గొడుగు చంకలో పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు వెనక్కి చూస్తూ వెళ్ళిపోయాడు.

భోజనం డబ్బా కోసం వచ్చినావిడ అద్దె ఇల్లంది. కళ్ళజోడు కోసం వచ్చిన లెక్కల మాస్టారు, జోడు పెట్టుకుని డబ్బాలోకి చూసి, జోడు తీసేసి, "నాకు కనపడకుండా ఉంటేనే బాగుండేది" అని నిట్టూర్చి వెళ్ళాడు. మెకానిక్ అప్పుడప్పుడూ వచ్చి తొంగిచూస్తున్నాడు. పొద్దున నవ్విన నవ్వు ఇప్పుడు లేదు. వాడికి తెలిసిన టీ కొట్టువాణ్ణి, టైర్ల కొట్టువాణ్ణి, చివరికి వాళ్ళ బావమరిదిని కూడా అడిగాడు. అందరూ రామన్నారు.

మూడున్నరకి ఒక తల్లి వచ్చింది, కొడుకు డ్రాయింగు పుస్తకం కోసం. పిల్లిపిల్ల అనగానే ఆవిడ మొహం వెలిగింది. "మావాడు ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడండీ! ఏదీ, చూడనివ్వండి." బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. గుర్తులు ఎలా చెప్పాలో, ఎక్కడ సంతకం చెయ్యాలో గబగబా చెప్పేస్తూనే డబ్బా ముందుకి జరిపాడు.

ఆవిడ వంగి చూసింది. అతుక్కుపోయిన కళ్ళు చూసింది. ఈల విన్నది. మెల్లిగా నిటారుగా నిలబడింది.

"ఇది చచ్చిపోతుందండీ."

"చూసుకుంటే బతుకుతుందమ్మా. కాంపౌండరు చెప్పాడు."

"మా మామగారు పోయి నెల కూడా కాలేదు. వాడింకా తాతేడీ అని అడుగుతూనే ఉన్నాడు. చచ్చిపోయేదాన్ని తీసుకెళ్ళి వాడి చేతుల్లో ఎలా పెట్టను?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోడానికి ఏముంది? ఆవిడ వెళ్ళిపోయాక బాబాయ్ పాత రిజిస్టర్లు దింపాడు. వస్తువులు తీసుకెళ్ళినవాళ్ళ ఫోన్ నంబర్లు ప్రతి వరసలోనూ ఉంటాయి. మొదలుపెట్టాడు. పోయిన నెల సూట్‌కేసు, అంతకుముందు నెల చేతికర్ర, వయొలిన్, పాపాయి బూట్లు. డిపో నుంచి ఫోన్ అనగానే అందరూ సంబరంగా "ఇంకేమైనా దొరికిందాండీ?" అంటున్నారు. పిల్లిపిల్ల అనగానే ఫోన్ పెట్టేస్తున్నారు. కొందరు నవ్వి పెడుతున్నారు, కొందరు తిట్టి పెడుతున్నారు. ఒకాయన పెట్టకుండా, ప్రభుత్వం ఎందుకిలా తగలడిందో పావుగంట చెప్పాడు. ముప్ఫై ఏడు ఫోన్లు. గొంతు బొంగురుపోయింది.

నాలుగున్నరకి ఫిల్లరు పెదవికి ఆనిస్తే నాలుక బయటికి రాలేదు. నీటిచుక్క గడ్డం మీదుగా బనీనులోకి జారిపోయింది. ఇంకో చుక్క వేశాడు. అదీ జారిపోయింది. "తాగవే తల్లీ. ఒక్క చుక్క. నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. తలుపు దగ్గర జనం చూస్తున్నారని కూడా తెలియలేదు ఆయనకి. తన చేత్తో తనే ముడి వేశాడు. ఆ ముడి వెయ్యకపోతే మెకానిక్ దాన్ని షెడ్డులో దీపం కింద పెట్టేవాడు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో ఉండేది. ఇప్పుడు ఈ గదిలో చీకట్లో, గొడుగుల మధ్య, ఒంటరిగా పోతుంది. సోమవారం పొద్దున తలుపు తీసి దాన్ని చూడాల్సింది కూడా తనే.

ఐదు దాటాక ఫోన్ మోగింది. వాళ్ళావిడ.

"ఏమండీ, మందులు వేసుకున్నానా అని మధ్యాహ్నం ఫోన్ చెయ్యలేదేం?" అంది. ఈయన గొంతు విని ఆగింది. "ఏమైంది?"

అంతా చెప్పాడు. ఆవిడ చివరిదాకా విన్నది.

"అందరికీ చేశారా ఫోన్లు?"

"అందరికీ."

"వస్తువులు ఇచ్చినవాళ్ళందరికీ చేశారు. ఇవ్వకుండా పంపించినవాళ్ళకి?"

బాబాయ్ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఆ బొత్తాల ఆవిడకి చెయ్యండి."

"ఏ బొత్తాల ఆవిడ?"

"తెలియనట్టు అడక్కండి. పోయినేడు పిల్లి దుప్పటి కోసం వచ్చిందే, ఆవిడ. అన్నీ సరిగ్గా చెప్పింది, ఒక్క రంగు తప్పింది, ఇవ్వలేదు అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నారు. రెండు రోజులు నేను మీతో మాట్లాడలేదు."

"ఒంట్లో బాగాలేదనుకున్నాను."

"ఒంట్లో బాగాలేకపోవడం తర్వాత వచ్చింది" అంది ఆవిడ. "చెయ్యండి. ఆవిడకి పిల్లుల సంగతి తెలుసు."

బాబాయ్ దగ్గర ఇంకో చిన్న పుస్తకం ఉంది, గుర్తులు తప్పినవాళ్ళది. అందులో ఆవిడ వరస వెతకాల్సిన పని లేకపోయింది. ఆవిడ చొక్కాల కార్ఖానాలో బొత్తాలు కుట్టే మనిషి. ఒంటరిది. పద్నాలుగేళ్ళు పెంచిన పిల్లిని బుట్టలో పెట్టుకుని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అది అక్కడే పోయింది. ఖాళీ బుట్టతో తిరిగొస్తూ, దానికి కప్పిన చిన్న దుప్పటి బస్సులో మర్చిపోయింది. మర్నాడు ఆ బుట్టతోనే వచ్చి కొలత చెప్పింది, ఒక మూల కొరికేసి ఉంటుందని చెప్పింది. రంగు అడిగితే ఆకుపచ్చ అంది. రిజిస్టరులో నీలం. "ఒక్కసారి ముట్టుకోనివ్వండి, దాని వాసన దాంట్లోనే ఉంది" అని బతిమాలింది. మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ బాబాయ్ వరసలో ఆవిడ వెనకనున్న మనిషిని పిలిచాడు.

నంబరు నొక్కాడు. రెండు మోతలకే తీసింది.

"అమ్మా, బస్సు డిపో నుంచి. దొరికిన వస్తువుల గది."

అటుపక్క కుట్టుమిషన్ల చప్పుడు. తర్వాత సన్నటి గొంతు. "దొరికిందా?"

"అది కాదమ్మా. వేరే సంగతి" అని, ఆగితే మళ్ళీ మాట్లాడలేనని భయపడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. పదకొండో నంబరు బస్సు, ఇంజను పక్కన, అతుక్కుపోయిన కళ్ళు, ఈల, రాని అరుపు, చీటీ, ఆరు గంటలు, తాళం.

"ఏం పట్టారు? పాలు పట్టలేదు కదా?"

"లేదమ్మా, గ్లూకోజు నీళ్ళు. ఇప్పుడు అదీ మింగట్లేదు."

"చెవులు చల్లగా ఉన్నాయా?"

ముట్టుకుని చూశాడు. "చల్లగా ఉన్నాయి."

ఆవిడ తన మిషను ఆపింది. తర్వాత అడిగింది. "నా దుప్పటి ఏమైందండీ?"

పై ఆఫీసులో ఉందని చెప్పొచ్చు. వస్తే ఇప్పిస్తానని ఆశపెట్టొచ్చు. ఆవిడ రెక్కలు కట్టుకుని వచ్చేది. పొద్దుటి నుంచీ అబద్ధం ఆడమని ఊరందరినీ బతిమాలినవాడికి, ఆ ఒక్క అబద్ధం నోట్లోంచి రాలేదు.

"తొంభై రోజులు దాటాక బస్సుల అద్దాలు తుడిచేవాళ్ళకి వెళ్ళిందమ్మా" అన్నాడు.

ఫోన్ కట్ అయింది. అప్పటికి టైము ఐదూ ఇరవై.

ఆరింటికి మేనేజరు వచ్చాడు. అరల ముందు నిలబడి ఒక్కొక్క నంబరూ చదువుతుంటే బాబాయ్ వస్తువు తీసి చూపించాలి. రోజూ పది నిమిషాల్లో అయ్యే పని. ఆ రోజు బాబాయ్‌కి ఏదీ దొరకలేదు. ముక్కు ముందున్న సూట్‌కేసు కోసం మూడు అరలు వెతికాడు. చేతికర్ర జారవిడిచి, బల్ల కింద దూరి, బల్ల కిందే కాసేపు ఉండిపోయాడు. మేనేజరు కనిపెట్టకపోలేదు. కనిపెట్టీ ఏమీ అనలేదు.

"మూడు వందల తొంభై."

వేడినీళ్ళ సంచీ. ఆరు కొట్టకముందే నీళ్ళు పారబోసి అరలో పెట్టేశాడు బాబాయ్. మేనేజరు చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. చుట్టూ తడి. "ఇది తడిసిందేమయ్యా?"

"వాన సార్" అన్నాడు బాబాయ్. ఇంకేమీ తోచలేదు.

"ఇవాళ వాన ఎక్కడ పడింది?"

బాబాయ్ తల వంచుకున్నాడు. మేనేజరు సంచీని ఒకసారీ, ఆయన్ని ఒకసారీ చూసి, అరలో పెట్టేసి, తర్వాతి నంబరు చదివాడు.

ఇక చదవడానికి ఒక్కటే మిగిలింది. నాలుగు వందల పన్నెండు. బాబాయ్ డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఈల ఇంకా వినిపిస్తోంది, కానీ ఈలకీ ఈలకీ మధ్య ఎడం బాగా పెరిగింది. మేనేజరు తాళంచెవి తీశాడు.

"మూసేశారా?"

గుమ్మంలో ఆవిడ. అరవై దగ్గరి మనిషి. పరుగున వచ్చిందేమో రొప్పుతోంది, జుట్టు ముడి ఊడిపోయింది. భుజం మీద అక్కడక్కడా రంగురంగుల దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. చేతిలో బుట్ట. ఆ బుట్టని బాబాయ్ గుర్తుపట్టాడు.

ఆయన బల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే అడిగాడు. "ఏం పోగొట్టుకున్నారమ్మా?"

ఆవిడ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపులో క్షమాపణ లాంటిదేమీ లేదు. "పిల్లిపిల్ల" అంది.

"ఎక్కడ?"

"పదకొండో నంబరు బస్సు. ఇంజను పక్కన."

"గుర్తులు?"

"కళ్ళు పుసికట్టి అతుక్కుపోయి ఉంటాయి. ముక్కు మూసుకుపోయి ఊపిరి ఈల వేస్తుంది. నోరు తెరుస్తుంది గానీ అరుపు రాదు. ఎత్తితే బరువుండదు. డొక్కలు చేతికి తగులుతాయి." డబ్బా వైపు ఒక్కసారి కూడా చూడకుండా చెప్పింది. అలాంటివాటిని ఎన్నిటిని చూశాయో ఆ చేతులు.

బాబాయ్ కలం తీశాడు.

"రంగు అడగవేమయ్యా?" అన్నాడు మేనేజరు. "రంగు తప్పితే ఇవ్వవుగా నువ్వు."

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది.

"పోయినేడు నా కళ్ళకి శుక్లాలున్నాయండీ. నీలమూ ఆకుపచ్చా ఒకలాగే కనపడేవి. బొత్తాలకి తప్పు రంగు దారం వేస్తున్నానని పనిలోంచి తీసేశారు కూడా. ఇదే బల్ల ముందు నిలబడి చెప్పబోయాను. ఈయన వినలేదు. తర్వాత ఆపరేషన్ అయింది, మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. ఇప్పుడు అన్ని రంగులూ కనపడతాయి." బుట్ట బల్ల మీద పెట్టింది. "దీని రంగు మాత్రం నేను చెప్పలేను. ఇంజను పక్కనున్నదంటే ఒళ్ళంతా గ్రీజే కదా. కడిగితే గానీ ఎవరికీ తెలియదు."

మేనేజరు రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. 'రంగు: తెలియలేదు.' చాలాసేపు చూశాడు. ఒక్క మాట చదవడానికి అంతసేపు అక్కర్లేదు.

"సరిపోయింది" అన్నాడు. "సంతకం పెట్టించుకో."

ఆవిడ సంతకం పెట్టింది. బాబాయ్ కత్తెర తీసుకున్నాడు. ముడి పీకకి ఆనుకుని ఉంది. కత్తెర మొన బొచ్చులోకి పోతోంది తప్ప దారం దొరకడం లేదు. ఆవిడ కత్తెర అందుకుంది. రోజంతా దారాలు తెంపే చెయ్యి. ఒక్క చిటికె. చీటీ బల్ల మీద పడింది.

బనీనుతో సహా ఎత్తి బుట్టలో పెట్టుకుని, పైన కొంగు కప్పింది.

"అమ్మా, ఆ దుప్పటి..." అన్నాడు బాబాయ్.

"అది మర్చిపోయి రాలేదు నేను" అంది ఆవిడ. "ఇది బతుకుతుందని కూడా చెప్పలేను. చెవులు మరీ చల్లగా ఉన్నాయి." గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "బనీను కావాలంటే గుర్తులు రాసిపెట్టుకోండి, వచ్చి చెప్పండి" అని వెళ్ళిపోయింది.

ఆదివారం అంతా బాబాయ్ ఫోన్ పక్కనే కూర్చున్నాడు. అది మోగలేదు. తను చెయ్యడానికి ధైర్యం చాలలేదు. వాళ్ళావిడ రెండు పూటలా ఆయన కంచం ముందు కూర్చుని, తినేదాకా లేవలేదు.

సోమవారం పొద్దున తాళం తీసి కూర్చున్నాడు. చెప్పుల డబ్బా ఖాళీగా బల్ల మీదే ఉంది. దాన్ని తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. పదిన్నరకి ఫోన్ మోగింది. కుట్టుమిషన్ల చప్పుడు.

"మీ పుస్తకం తెరవండి" అంది సన్నటి గొంతు. "నాలుగు వందల పన్నెండు."

తెరిచాడు. కలం తీశాడు.

"రంగు రాసుకోండి. తెలుపు. ఎడమచెవి మాత్రం గోధుమరంగు. మెడ చుట్టూ మీ దారం ఒరుసుకున్న చోట కొంచెం ఎర్రగా ఉంది, అదీ రాయండి. పొద్దున ఒక కన్ను తెరిచింది. రెండోది తెరుస్తుందో లేదో తెలియదు."

ఆయన ఏదో అనబోయేలోగా ఫోన్ పెట్టేసింది.

రిజిస్టరులో కొట్టివేతలు నిషిద్ధం అన్న కాగితం ఎదురుగా గోడ మీద ఉంది. బాబాయ్ దాన్ని చూస్తూనే 'తెలియలేదు' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీశాడు.